చక్కెర ఆగినా ఆగని ఊరుమ్మడి
నిజాంసాగర్ ఆయకట్టులో గ్రామాభివృద్ధి కమిటీల బలం, బలహీనత

నిజామాబాద్: నిజాంసాగర్ జలాశయం నుంచి బయలుదేరే ప్రధాన కాలువ పొడవు 155 కిలోమీటర్లు. బాన్సువాడ, వర్ని, బోధన్, ఎడపల్లి పరిసరాలను తడుపుతూ ఆర్మూరు వైపు సాగిపోయే ఈ కాలువ మొదట్లో ఉన్న రైతుది ఒక లోకమైతే, చివర్లో ఉన్న రైతుది మరో లోకం. మొదటివాడికి నీరు ఎప్పుడు వదులుతారన్నదే ప్రశ్న. చివరివాడికి వదిలిన నీరు తన పొలం దాకా వస్తుందా అన్నది ప్రశ్న. ఈ తేడా వల్లనే కాలువ చివరి గ్రామాల ప్రజలు అధికారుల కోసం ఎదురుచూడటం మాని, తమ పని తాము చేసుకోవడం ముందుగా నేర్చారు. ఊరంతా కలిసి సొమ్ము వేసుకుని కాలువలో పూడిక తీయించుకోవడం, తూము దగ్గర మనిషిని కాపలా పెట్టుకోవడం, తగవు వస్తే చావడి వద్ద తేల్చుకోవడం ఇక్కడ కొత్త సంగతులు కావు.

ఈ ఉమ్మడి వ్యవస్థకు నేడు జిల్లాలో అందరికీ తెలిసిన పేరు గ్రామాభివృద్ధి కమిటీ. ఆర్మూరు వైపు కొన్ని ఊళ్లలో దీనినే సర్వసమాజ్ అంటారు. ప్రభుత్వ చట్టాలలో ఎక్కడా కనిపించని ఈ కమిటీ, ఊరి జీవితంలో మాత్రం పంచాయతీతో సమానంగా, కొన్నిచోట్ల అంతకు మించి చెలామణి అవుతోంది. గుడి, బడి, రోడ్డు, బోరు, కాలువ అన్నింటిలోనూ దాని చేయి ఉంటుంది. దాని మేలును పొగిడేవారు ఎంతమంది ఉన్నారో, దాని దౌర్జన్యానికి బలైనవారూ జిల్లాలో అంతమంది ఉన్నారన్నా తప్పు లేదు.

సర్కారు కట్టిన సిరి

ఈ ప్రాంతపు సంపదకు పునాది వేసింది ప్రభుత్వమే. మంజీర నదిపై అచ్చంపేట వద్ద 1923లో పనులు ప్రారంభించి 1931లో నిజాంసాగర్‌ను పూర్తి చేశారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజినీరుగా వ్యవహరించిన ఈ ప్రాజెక్టు కోసం సుమారు 40 గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఆనాటి నిల్వ సామర్థ్యం దాదాపు 29.7 టీఎంసీలు, సంకల్పించిన ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. కాలువ నీరు చూసి కోస్తా డెల్టా నుంచి రైతు కుటుంబాలు తరలివచ్చి భూములు కొన్నాయి. బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాల్లో నేటికీ 'క్యాంపు' అనే పేరుతో పిలిచే పల్లెలు వారు వేసిన విడుదులే.

కాలువ వచ్చాక చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసిన ఈ మిల్లుకు వేలాది ఎకరాల సొంత క్షేత్రాలు ఉండేవి. రుద్రూరులోని చెరకు, వరి పరిశోధన కేంద్రం రైతులకు వంగడాలు అందించేది. గానుగ ఆడే కాలంలో బోధన్ వీధులు చెరకు బండ్లతో నిండేవి. రైతుకు మిల్లు డబ్బు అందితే పట్టణంలో బట్టల దుకాణం నుంచి బంగారం అంగడి వరకు కళకళలాడేవి. చెల్లింపులు ఆలస్యమైతే ఊరు ఊరంతా అప్పు ఖాతాల మీద బతికేది. ఒక పట్టణపు చేతి సంచి మొత్తం ఒకే మిల్లు గుమ్మానికి వేలాడటం ఎంత ప్రమాదమో ఆనాడు పట్టించుకున్నవారు తక్కువ.

రెండు ఆధారాలూ క్రమంగా సడలాయి. నిజాంసాగర్‌లో ఒండ్రు మేట వేసి నిల్వ బాగా తగ్గింది. పూర్తి నీటిమట్టాన్ని పెంచిన తరువాత దాని సామర్థ్యం 17.8 టీఎంసీలుగా నిలిచింది. ఎగువన 1980ల చివరికి సింగూరు జలాశయం సిద్ధమై హైదరాబాద్ దాహం తీర్చడం మొదలుపెట్టాక మంజీర ప్రవాహం మరింత పలుచబడింది. లెక్కల్లో ఆయకట్టు 2.31 లక్షల ఎకరాలకు దిగింది. అందులోనూ చివరి భూములకు నీరందని సంవత్సరాలే ఎక్కువ. ఆ లోటు పూడ్చేందుకే శ్రీరాంసాగర్ వెనుక జలాల నుంచి నవీపేట మండలం కోస్లి వద్ద అలీసాగర్, నందిపేట మండలం ఉమ్మెడ వద్ద గుత్ప ఎత్తిపోతల పథకాలను 2000ల దశకంలో చేపట్టారు. రెండూ కలిసి నిజాంసాగర్ చివరి ఆయకట్టులో సుమారు 90 వేల ఎకరాలను నిలబెట్టేందుకు ఉద్దేశించినవి. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మసాగర్ నుంచి హల్దీవాగు మీదుగా గోదావరి నీటిని మంజీరలోకి వదిలి నిజాంసాగర్‌కు చేర్చడం మరో ఘట్టం. మంజీర నీటితో గోదావరి సీమను తడిపిన కాలువకు చివరికి గోదావరి నీటినే ఎదురు తెచ్చి పోయవలసి వచ్చింది.

మిల్లు సంగతి ఇంకా విషాదకరం. 2002లో కర్మాగారంలో 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించారు. 2015 డిసెంబరు 23న బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లకు లేఆఫ్ ప్రకటించారు. ఆ తరువాత గానుగ తిరగలేదు.

రైతుల చేతికి ఇస్తామన్నా...

మూతకు కొద్ది నెలల ముందు జరిగిన ఒక ఘట్టం అంతగా చర్చకు రాలేదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం కర్మాగారాన్ని స్వాధీనం చేసుకుని, మహారాష్ట్ర తరహాలో చెరకు రైతుల సహకార సంఘానికి అప్పగించే ఆలోచన ముందుకు తెచ్చింది. మహారాష్ట్రలోని సహకార మిల్లుల పనితీరును చూసి రావడానికి రైతులను, అధికారులను పంపింది. అయితే రైతులు ముందుకు రాలేదు.

దీనిని రైతుల నిరాసక్తతగా కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. మహారాష్ట్రలో ప్రవరానగర్ సహకార మిల్లు 1950 నాటిది. అక్కడ రైతు మొదటి నుంచీ వాటాదారుడు. మిల్లు లాభం వస్తే బడి, ఆసుపత్రి, పాల సంఘం కట్టుకున్నాడు. నష్టం వచ్చిన ఏడాది కూడా మిల్లు తనదేనని భరించాడు. తెలుగు నేలకూ ఈ దారి తెలియనిది కాదు. విశాఖ ప్రాంతంలోని ఏటికొప్పాకలో 1933లోనే సహకార పద్ధతిన చక్కెర తయారీ మొదలైంది. బోధన్ రైతు మాత్రం దాదాపు 80 ఏళ్లు చెరకు తోలి చీటీ తీసుకునేవాడిగానే ఉన్నాడు. యంత్రాలు పాతబడి, అప్పులు పేరుకుని, చెరకు విస్తీర్ణం పడిపోయిన తరువాత యాజమాన్యం మీరు తీసుకోండి అంటే, అది ఆస్తి పంచడమో అప్పు పంచడమో అతనికి అర్థం కాలేదు. పక్కనే నిజామాబాద్ శివారులోని సారంగాపూర్ సహకార చక్కెర కర్మాగారం 2000ల దశకంలో ఆగిపోవడం కళ్లారా చూసిన రైతు, సహకార సంఘం అన్న మాటతోనే ధైర్యం తెచ్చుకోగలడా?

2019లో కర్మాగారం లిక్విడేషన్‌కు ఆదేశాలు వెలువడ్డాయి. 2024 జనవరిలో పునరుద్ధరణ అవకాశాల పరిశీలనకు మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన ప్రభుత్వం కమిటీని నియమించింది. కానీ మిల్లు తెరిచినంత మాత్రాన చెరకు దానంతట అదే రాదు. ఆగిన కాలంలో పొలాలు వరికి, సోయాకు మళ్లాయి. ఏడాది పొడవునా నేలను పట్టి ఉంచే చెరకుకు తిరిగి రావాలంటే నీటిపైన, చెల్లింపులపైన రైతుకు నమ్మకం కుదరాలి.

కమిటీ ఎలా నడుస్తుంది?

గ్రామాభివృద్ధి కమిటీలో సాధారణంగా ఊరిలోని ప్రతి కులసంఘం నుంచి ఒకరిద్దరు పెద్దలు ఉంటారు. చాలా ఊళ్లలో ఏడాదికోసారి కమిటీ మారుతుంది. ఓటింగు ఉండదు, కులసంఘాలు తమ మనిషిని తామే పంపుతాయి. ఆదాయం ప్రధానంగా హర్రాజు పాటల ద్వారా వస్తుంది. చెరువు చేపలు, వాగు ఇసుక, మొరం, ఊరిలో మాంసం దుకాణం నడుపుకునే హక్కు, అన్నింటికన్నా ఎక్కువగా మద్యం అమ్ముకునే హక్కు పాటకు వస్తాయి. ఎక్కువ పాడినవాడికి ఏడాది పాటు ఊరిలో ఆ వ్యాపారం దక్కుతుంది. వచ్చిన సొమ్ములో కొంత వెంటనే ఖర్చవుతుంది. మిగిలినది ఊరిలోనే వడ్డీకి తిప్పుతారు. పెళ్లికో వైద్యానికో అవసరమైన ఇంటికి ఊరుమ్మడి ఖాతా నుంచి అప్పు దొరకడం చిన్న సంగతి కాదు.

ఆ సొమ్ముతో గుళ్లు లేచాయి. చాలా ఊళ్లలో ముందుగా లేచింది గుడే. అయితే బడిలో ఉపాధ్యాయుడు లేకపోతే తాత్కాలికంగా ఒకరిని పెట్టి జీతం ఇచ్చిన కమిటీలూ ఉన్నాయి. వేసవిలో బోరు వేయించడం, బస్సు షెల్టరు కట్టించడం, కోతుల బెడద తట్టుకోలేక పట్టేవారిని పిలిపించడం, కూడళ్లలో సీసీ కెమెరాలు పెట్టించడం వంటివి పంచాయతీ నిధుల కోసం నెలల తరబడి ఆగకుండా జరిగిపోతాయి. ప్రభుత్వ లష్కర్ల సంఖ్య తగ్గిపోయిన కాలువలపై సొంత మనిషిని పెట్టి వంతులవారీగా నీరు పారించడం కూడా ఇందులో భాగమే.

నీటి విషయంలో ప్రజల పెత్తనానికి చట్టం కూడా ఒకసారి దారి వేసింది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద రాష్ట్రమంతటా 10,292 నీటి వినియోగదారుల సంఘాలకు అదే సంవత్సరం ఎన్నికలు జరిగాయి. ఆయకట్టు రైతే ఓటరు, రైతే అధ్యక్షుడు. కాలువ మరమ్మతులను ఆ సంఘాలే చేయించుకోవాలన్నది ఉద్దేశం. దేశంలో ఇంత పెద్ద ఎత్తున రైతులకు కాలువలు అప్పగించిన ప్రయత్నం అంతకుముందు లేదు. మొదటి రెండు మూడేళ్లు పూడిక బాగానే తీశారు. పోనుపోను నిధులు తగ్గి, ఎన్నికలు వాయిదాలు పడి సంఘాలు కాగితాలకు పరిమితమయ్యాయి. తెలంగాణ ఏర్పడిన తరువాత పదేళ్ల పాటు వాటికి ఎన్నికలే లేవు. చట్టం పుట్టించిన సంఘం నిద్రపోయింది. చట్టం ఎరుగని కమిటీ మాత్రం పని చేస్తూనే ఉంది. ఈ తేడాకు కారణం వెతకడం కష్టమేమీ కాదు. కమిటీకి తన సొంత రాబడి ఉంది, నీటి సంఘానికి లేదు.

అంకాపూర్ నేర్పినది

ఊరు కలిసి నిలబడితే మార్కెట్టు ఎలా లొంగుతుందో చూడాలంటే ఆర్మూరు మండలం అంకాపూర్ వెళ్లాలి. నేడు నాటుకోడి కూరతో రాష్ట్రమంతటా పేరు తెచ్చుకున్న ఈ ఊరికి అసలు బలం విత్తనాలు, కూరగాయలు, పసుపు, పచ్చి మొక్కజొన్న. ఇక్కడి రైతు పండించిన సరుకును దూరపు యార్డుకు మోసుకెళ్లి దళారి ముందు నిలబడలేదు. ఊరి ముందే అంగడి ఏర్పరచుకున్నాడు. కంకులు, కూరగాయలు అమ్మేది ఎక్కువగా స్త్రీలే. కొనేవారు లారీలు తీసుకుని వారి ముంగిటికే వస్తారు. ఊరిలోనే విత్తన శుద్ధి కేంద్రాలు వెలియడంతో గింజ విలువలో కొంత భాగం ఊరు దాటి పోలేదు.

పంటల అమరిక కూడా గమనించదగినది. వానాకాలం పసుపులో మొక్కజొన్నను అంతరపంటగా వేస్తారు. మొక్కజొన్న ముందుగా చేతికొచ్చి ఖర్చులకు ఆసరా అవుతుంది. పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండి ఇల్లు గడిపే సొమ్ము తెస్తుంది. యాసంగిలో ఎర్రజొన్న విత్తనపు పంట. ఈ ఎర్రజొన్న ఉత్తర భారతంలో పశుగ్రాసపు విత్తనంగా అమ్ముడవుతుంది. ఒక పంట ధర పడిపోయినా మరొకటి నిలబెడుతుంది. బోధన్‌లో ఒకే పంట, ఒకే మిల్లు. ఆర్మూరులో నాలుగు పంటలు, నలుగురు కొనుగోలుదారులు. రెండు పట్టణాల మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లే.

అయితే ఆర్మూరు వైపు అంతా సవ్యమేనని అనుకోవడానికి వీల్లేదు. ఎర్రజొన్న వ్యాపారం కొద్దిమంది చేతుల్లో ఉండటంతో ఊరూరా కమిటీలే వ్యాపారులతో కొనుగోలు ఒప్పందాలు మాట్లాడుకోవడం ఆనవాయితీ అయింది. ఒప్పందం నిలిచిన ఏడాది సాఫీగా సాగింది. నిలవనప్పుడు రోడ్డెక్కవలసి వచ్చింది. 2008లో ఆర్మూరులో ఎర్రజొన్న రైతుల ఆందోళన పోలీసు కాల్పుల వరకు వెళ్లిన సంగతి పాఠకులకు విదితమే. 2018లో ధర పతనమైనప్పుడు ప్రభుత్వమే రంగంలోకి దిగి కొనవలసి వచ్చింది. పసుపు విషయంలో ఇదే ఐకమత్యం మరో రూపం తీసుకుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి బరిలో నిలిచిన 185 మందిలో 178 మంది రైతులే. ఊరూరా కమిటీల మాట లేకుండా అన్ని నామినేషన్లు పడేవి కావు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమై నిజామాబాద్ కేంద్రంగా పనిచేయడం వెనుక ఆ నామినేషన్ల ఒత్తిడి ఉందన్నది కాదనలేనిది.

అదే చేయి, మరో దెబ్బ

ఇంతటి ఐకమత్యానికి ఒక చీకటి ముఖం ఉంది. కమిటీ మాట వినని కుటుంబాన్ని, కొన్నిసార్లు ఒక కులం మొత్తాన్ని ఊరు వెలివేయడం ఉమ్మడి నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి పదేపదే వినవచ్చే ఫిర్యాదు. వెలివేసిన ఇంటికి కిరాణా సరుకు ఇవ్వరు, పొలానికి కూలీ రాడు, చాకలి, మంగలి పనికి వెళ్లకూడదు. మాట్లాడినవారికి జరిమానా. భూమి తగాదా, చేపల పాట, కల్లు ధర, గుడి స్థలం వంటి చిన్న విషయం కూడా ఇందుకు దారితీయవచ్చు. ఊరి బాగు కోసం పోగుపడిన బలమే ఒంటరి ఇంటిపై పిడిగుద్దుగా పడుతోంది.

మూలం ఆదాయ మార్గంలోనే ఉంది. లైసెన్సు లేని బెల్టుషాపు హక్కును పాట పెట్టడం ఏ చట్టం ప్రకారమూ చెల్లదు. చెల్లని పాటను నిలబెట్టాలంటే భయం కావాలి. పాడుకున్నవాడు పెట్టిన సొమ్ము తిరిగి రావాలంటే ఊరు ఎక్కువ తాగాలి. అంటే బడి గోడకు సున్నం వేసిన డబ్బు ఎవరి ఇంటి కూలి నుంచి వచ్చిందన్న ప్రశ్న అడగక తప్పదు. బీడీలు చుట్టి పైసా పైసా కూడబెట్టే ఇల్లాలు పొదుపు సంఘంలో కట్టిన సొమ్ము ఒకవైపు, అదే ఇంటి మగవాడు బెల్టుషాపులో పోసిన సొమ్ము మరొకవైపు చేరుతున్నాయి. ఊరి అభివృద్ధి ఖాతాలో రెండవదే పెద్ద అంకె కావడం సిగ్గుచేటు.

చట్టపు లోటు కూడా ఉంది. మహారాష్ట్రలో సాంఘిక బహిష్కారాన్ని నేరంగా పరిగణిస్తూ 2016లో ప్రత్యేక చట్టం చేశారు. తెలంగాణలో అటువంటిది లేదు. బాధితులు దళితులు, గిరిజనులైతే అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. 2015 సవరణలో బహిష్కారాన్ని స్పష్టంగా చేర్చారు. ఇతర కులాల వారు సాధారణ సెక్షన్లను ఆశ్రయించవలసి వస్తుంది. పంచాయతీకి రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన అధికారాలు ఉన్నా, సర్పంచి కూడా అదే ఊరివాడు, అదే కమిటీ మద్దతుతో గెలిచినవాడు కావడం మామూలే.

మద్యం లేకుండా సాధ్యమేనా?

సాధ్యమేనని చెప్పే ఊళ్లు దూరంలో లేవు. వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి ప్రజలు 1982లోనే తమంతట తాము మద్యాన్ని నిషేధించుకున్నారు. తరువాత ఇంటింటి నుంచి వాటా సొమ్ము కూడబెట్టి, స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో నల్లా నీరు తెచ్చుకున్నారు. నీటికి, పారిశుద్ధ్యానికి, పొదుపుకు వేర్వేరు కమిటీలు. 2007లో ఆ ఊరు నిర్మల్ గ్రామ పురస్కారం పొందింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో మొదలైన సహకార సంఘం అప్పు, ఎరువు, విత్తనం, అమ్మకం అన్నీ ఒకే గొడుగు కింద నడుపుతూ నిలిచింది. అక్కడి స్త్రీలు సొంతంగా పాల డెయిరీ కూడా పెట్టుకున్నారు. ఈ రెండు చోట్లా ఊరుమ్మడికి సొమ్ము సభ్యుడి చేతి నుంచి నేరుగా వచ్చింది, లెక్క కూడా సభ్యుడికే చెప్పవలసి వచ్చింది.

నీటి విషయంలో మహారాష్ట్ర పూర్వపు అహ్మద్‌నగర్ జిల్లాలోని హివ్రేబజార్ అనుభవం నిజాంసాగర్ ప్రాంతానికి దగ్గరగా వస్తుంది. పోపట్‌రావ్ పవార్ నాయకత్వంలో ఆ గ్రామం ఏటా వర్షపాతం కొలిచి, నీటి లెక్క వేసుకుని, ఆ ఏడాది ఏ పంట ఎంత వేయాలో గ్రామసభలో నిర్ణయించుకుంటుంది. సాగుకు లోతు బోర్లు వేయరాదని, నీరు ఎక్కువ తాగే చెరకు వంటి పంటలు వద్దని కట్టుబాటు చేసుకుంది. చెరకు సీమకు చెరకు వద్దన్న ఊరి కథ రుచించకపోవచ్చు. కానీ అక్కడి అసలు సూత్రం పంట పేరులో లేదు. ఉన్న నీరెంతో ముందు తెలుసుకుని తరువాత విత్తనం పట్టుకోవడంలో ఉంది. బోరు మీద బోరు వేసుకుంటూ పోతున్న ఆర్మూరు వైపు ఊళ్లకైతే అది తక్షణ అవసరం.

ఈ ప్రాంతానికి చెరువుల జ్ఞాపకం ఇంకా తాజాగానే ఉంది. 2015 మార్చి 12న మిషన్ కాకతీయను అప్పటి ఉమ్మడి జిల్లాలోని సదాశివనగర్ పాత చెరువులోనే ప్రారంభించారు. తీసిన పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. ప్రభుత్వ యంత్రం తవ్వితే, ఊరు మోసింది. బోధన్ పట్టణానికి తాగునీరిచ్చే బెల్లాల్ చెరువు సైతం నిజాంసాగర్ కాలువ నీటితో నిండేదే. కాలువ చివరి రైతుకు నీరు రావడమన్నది బోధన్ ఇంటి నల్లాకూ సంబంధించిన విషయమే అయినా, పట్టణంలో దానిని గుర్తుంచుకునేవారు తక్కువ.

ఇప్పుడు చేయదగిన పనులు పెద్దవేమీ కావు. కమిటీలు సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైతే ఏటా లెక్కలు చూపక తప్పదు. పాటల సొమ్ము బ్యాంకు ఖాతాలోకి వెళితే ఎవరెంత తీసుకున్నారో దాచలేరు. చేపలు, అంగడి రుసుము వంటి చట్టబద్ధమైన ఆదాయం ఉంచుకుని మద్యం పాటను వదులుకుంటే ఖాతా చిన్నదవుతుంది, నిజమే. ఆ లోటు పంచాయతీ నుంచి, నీటి వాటా నుంచి పూడాలంటే నీటి సంఘాలకు ఎన్నికలు జరగాలి. కమిటీలో కులపెద్దల పక్కన పొదుపు సంఘాల స్త్రీలకు చోటు దొరకాలి. ఇప్పటికీ చాలా ఊళ్లలో చావడి సమావేశానికి స్త్రీలు రారు, రానివ్వరు.

శక్కర్‌నగర్ గానుగ తిరుగుతుందా లేదా అన్నది హైదరాబాద్‌లో తేలవలసిన విషయం. కాలువ చివరన తూము దగ్గర ఈసారి ఎవరిని కాపలా పెట్టాలి, అతని జీతం ఏ ఖాతా నుంచి ఇవ్వాలి అన్నది మాత్రం నీరు వదిలే తేదీ ప్రకటించిన రోజునే ఊరి చావడిలో తేలాలి.